ప్రళయం తర్వాతి కథ రాసే ముందు: ఏది ఎప్పుడు ఆగిపోతుంది?

ప్రపంచం కూలిపోయాక మిగిలిన మనుషుల కథ రాయాలని చాలామందికి ఉంటుంది. మొదటి అధ్యాయం బ్రహ్మాండంగా వస్తుంది. ఆకాశం ఎర్రబడుతుంది, జనం పరుగులు తీస్తారు, టీవీ ఆగిపోతుంది. మూడో అధ్యాయానికి వచ్చేసరికి బండి కదలదు. హీరో ఒక తుపాకీ పట్టుకుని, వెంట ఒక కుక్కతో ఖాళీ రోడ్డు మీద నడుస్తుంటాడు. ఏం చెయ్యాలో అతనికీ తెలీదు, రచయితకీ తెలీదు. దాంతో ఒక దొంగల ముఠా దిగుతుంది. చదవమని నాకు పంపే కథల్లో ఈ ముఠా ఎన్నిసార్లు దిగిందో చెప్పలేను.

నేను కరెంటు మనిషిని. గ్రిడ్ (ఊళ్లకు కరెంటు చేర్చే లైన్ల వల) కంట్రోల్ రూమ్‌లో షిఫ్టులు చేస్తూ, తీరిక దొరికినప్పుడు సైన్స్ ఫిక్షన్ రాస్తుంటాను. ఆ ఉద్యోగం వల్ల నాకో అలవాటు అబ్బింది. ఏ వస్తువును చూసినా ఇది దేని మీద ఆధారపడి నడుస్తోంది, అది ఆగితే ఇది ఎంతసేపు లాగుతుంది అని ఆలోచిస్తాను. ఈ రకం కథలకు ముఖ్యంగా కావాల్సింది ఆ ఆలోచనే. మొదటి వాక్యం రాయకముందే ‘ఏది ఎప్పుడు ఆగుతుంది’ అని ఒక పట్టిక వేసుకోండి. పాత్రలు, గొడవలు, మలుపులు చాలావరకు అందులోంచే వస్తాయి.

విపత్తును ఎంచుకోవడం

విపత్తు విషయంలో వేసుకోవాల్సిన ప్రశ్న ఒక్కటే. ఇది దేన్ని తీసుకెళ్తుంది, దేన్ని వదిలేస్తుంది?

మహమ్మారి మనుషుల్ని తీసుకెళ్లి వస్తువుల్ని వదిలేస్తుంది. 1347 నుంచి 1351 దాకా ప్లేగు యూరప్ జనాభాలో మూడో వంతు నుంచి సగం దాకా మింగేసింది. పొలాలు, గొడ్లు, ఇళ్లు ఎక్కడివక్కడే ఉన్నాయి, పని చేసే చేతులే కరువయ్యాయి. మిగిలిన కూలీలు ఎక్కువ కూలి అడిగారు. ఇంగ్లండ్ పాలకులు 1349లో ఒక ఆజ్ఞ, 1351లో ఒక చట్టం తెచ్చి పాత కూలికే పని చెయ్యాలన్నారు. సమాధుల మీద మట్టి ఆరకముందే కూలి రేట్ల మీద తగువు! మహమ్మారి కథలు రాసేవాళ్లు రోగం దగ్గరే ఆగిపోతారు గానీ, ఈ తగువు దాకా రారెందుకో.

అగ్నిపర్వతం పంటను తీసుకెళ్తుంది. 1815 ఏప్రిల్‌లో ఇండొనేషియాలో టంబోరా పేలింది. ప్రపంచ సగటు ఉష్ణోగ్రత అర డిగ్రీ అటూఇటుగా తగ్గింది, అంతే. మరుసటి ఏడు జూన్ నెలలో ఉత్తర అమెరికా ఈశాన్య ప్రాంతాల్లో మంచు కురిసింది. యూరప్‌లో పంటలు పోయి గింజల ధరలు మండిపోయాయి. కాబట్టి మీ కథలో భూమిని మొత్తం గడ్డకట్టించే పని పెట్టుకోకండి. రెండు పంటలు వరసగా పోతే చాలు.

అణుయుద్ధం కథ కూడా చివరికి పంట కథే. కాలిన నగరాల నుంచి లేచిన మసి బాంబులు పడని దేశాల్లోనూ ఎండను అడ్డుకుంటుంది. అమెరికా, రష్యాల మధ్య పూర్తిస్థాయి అణుయుద్ధం వస్తే ఆకలితో పోయేవాళ్లే 500 కోట్లు దాటొచ్చని 2022లో వచ్చిన ఒక అధ్యయనం లెక్కగట్టింది. బాంబు పడ్డ చోటికి దగ్గర్లో కథ పెట్టేట్టయితే ఇంకో లెక్క తెలుసుకోండి. పేలుడు తర్వాత గడిచిన కాలం ఏడు రెట్లయితే, రాలిన బూడిద నుంచి వచ్చే రేడియేషన్ పదో వంతుకు తగ్గుతుంది. మొదటి గంట చివర 1,000 ఉంటే, 7 గంటలకు 100, 49 గంటలకు 10, రెండు వారాలకు 1. మీ పాత్ర బేస్‌మెంట్‌లోంచి ఎప్పుడు బయటికి రావచ్చో ఈ లెక్క చెబుతుంది. రెండో రోజుకే తాగే నీళ్లు అయిపోయాయనుకోండి. బావి వంద అడుగుల దూరంలో ఉంది. ఇప్పుడు వెళ్లాలా, ఇంకో రోజు ఆగాలా, వెళ్తే ఎవరు వెళ్లాలి? ఇక్కడ విలన్ అక్కర్లేదు.

ఉల్క కథ రాసేవాళ్లకు ఒక్క వివరం చెప్పి వదిలేస్తాను. 2013 ఫిబ్రవరి 15న రష్యాలోని చెల్యాబిన్‌స్క్ దగ్గర సుమారు 20 మీటర్ల రాయి ఒకటి గాలిలోనే పేలింది. మెరుపు చూసి ఏమిటా అని జనం కిటికీల దగ్గరికి వెళ్లారు. పేలుడు ధాటి కాస్త ఆలస్యంగా, ఒకటి రెండు నిమిషాలకు వచ్చి అద్దాలు బద్దలయ్యాయి. 1,500 మంది దాకా వైద్యం కోసం వెళ్లారు, చాలావరకు గాజు గుచ్చుకున్న గాయాలే. వెలుగుకీ ధాటికీ మధ్య ఉన్న ఆ కాస్త వ్యవధిలో మీ పాత్ర ఏం చేస్తుందో రాయండి. ఆ మనిషి ఎలాంటిదో పాఠకుడికి అక్కడే తెలిసిపోతుంది.

ఇక సౌర తుఫాను, అంటే సూర్యుడి నుంచి ఎగసి వచ్చి భూమిని తాకే విద్యుదావేశ కణాల ఉప్పెన. ఇది నా ఇలాకా కాబట్టి చాదస్తంగా అనిపించినా చెప్తాను. తుఫాను రాగానే హీరో చేతిలో ఫోన్ కాలిపోయిందని, కారు నడిరోడ్డు మీద ఆగిపోయిందని రాస్తుంటారు. అలా జరగదు. సౌర తుఫాను వందల కిలోమీటర్ల పొడవున్న లైన్లలో కరెంటు పుట్టిస్తుంది. ఆ కరెంటు ట్రాన్స్‌ఫార్మర్లలోకి దిగి వాటిని వేడెక్కిస్తుంది, రక్షణ పరికరాలను తికమక పెడుతుంది. చేతిలోని ఫోన్‌కు అంత పొడవు తీగ ఎక్కడుంది? 1989 మార్చి 13న కెనడాలోని క్యూబెక్ గ్రిడ్ ఇలాంటి తుఫానుకే 90 సెకన్ల వ్యవధిలో కుప్పకూలి, 60 లక్షల మంది 9 గంటలు చీకట్లో ఉన్నారు. ఫోన్లు మాత్రం బాగానే ఉంటాయి, ఛార్జింగ్ అయిపోయే వరకు. కథకు పనికొచ్చేది ఇంకోటుంది. ఇది చెప్పకుండా వచ్చే ఆపద కాదు. 1859 సెప్టెంబర్ 1న ఇంగ్లండ్‌లో కారింగ్టన్ అనే ఖగోళ శాస్త్రవేత్త సూర్యుడి మీద మెరుపు చూశాక, తుఫాను భూమిని చేరడానికి 17 గంటలకు పైగా పట్టింది. అంటే మీ పాత్రల చేతిలో దాదాపు ముప్పావు రోజు ఉంది. గ్రిడ్‌ను ముందే ఆపేస్తే ట్రాన్స్‌ఫార్మర్లు దక్కుతాయి. హెచ్చరిక తప్పయితే ఊరికే దేశమంతా చీకటి చేసినందుకు ఉద్యోగం పోతుంది. ఆ నిర్ణయం తీసుకోవాల్సిన మనిషి చుట్టూ కథ రాయమని ఎవరైనా నన్నడిగితే రేపే మొదలుపెడతాను.

పట్టిక వెయ్యడం

ఒక కాగితం తీసుకుని ఎడమవైపు కాలం రాయండి. మొదటి గంట, మొదటి రోజు, మొదటి వారం, మొదటి ఆరు నెలలు, మొదటి పంట, ఐదో ఏడు, ముప్పయ్యో ఏడు. పక్కన, అప్పటికి ఏది ఆగిపోతుందో రాయండి. మూడో గడిలో, దాన్ని ఇంకొన్నాళ్లు లాగడానికి ఎవరు ఏం చేస్తారో రాయండి. ఈ మూడో గడిని బద్ధకించి వదిలేస్తే మిగతా రెండూ ఉండీ లాభం లేదు.

మొదటి గంట నాకు కొట్టినపిండి కాబట్టి అది ఎలా ఉంటుందో చెప్తాను. కంట్రోల్ రూమ్ గోడ మీద పెద్ద అక్షరాల్లో ఒక అంకె వెలుగుతూ ఉంటుంది. అది గ్రిడ్ ఫ్రీక్వెన్సీ, అంటే లైన్లలో కరెంటు సెకనుకు ఎన్నిసార్లు అటూఇటూ ఊగుతోందో చెప్పే లెక్క. 50 హెర్ట్జ్ దగ్గర ఉండాలి. 49.98, 50.02 అని ఊగుతున్నంతసేపూ ఎవరూ తలెత్తి చూడరు. పెద్ద స్టేషన్ ఒకటి పడిపోతే ఆ అంకె జారడం మొదలవుతుంది. జారేకొద్దీ రిలేలు అనే రక్షణ పరికరాలు వాటంతటవే కొన్ని ప్రాంతాలకు సరఫరా కోసేస్తాయి, మిగతా గ్రిడ్‌ను నిలబెట్టడానికి. అప్పటికీ నిలబడకపోతే క్షణాల్లో అంతా పోతుంది. బయట ఊరంతా చీకటి. లోపల మాత్రం యూపీఎస్ మీద స్క్రీన్లు వెలుగుతూనే ఉంటాయి, వాటిమీద లైన్లన్నీ రంగు మారిపోయి ఉంటాయి. ఫోన్లన్నీ ఒక్కసారే మోగుతాయి. సినిమాల్లో లాగా ఎవరూ అరవరు. ఒకరు లాగ్ బుక్ తీసి టైం రాస్తారు.

తిరిగి కరెంటు తేవడం స్విచ్ వేసినంత సులువు కాదు. బొగ్గు స్టేషన్ మొదలవ్వాలంటే దానికే ముందు కరెంటు కావాలి. పంపులు, ఫ్యాన్లు, బొగ్గు మిల్లులు తిరగాలి. అందుకని జలవిద్యుత్ కేంద్రంలో చిన్న డీజిల్ జనరేటర్ సాయంతో ఒక యూనిట్ తిప్పి, ఒక్క లైను ఛార్జ్ చేసి, ఆ కరెంటును బొగ్గు స్టేషన్‌కు పంపుతారు. దీన్ని బ్లాక్ స్టార్ట్ అంటారు. ఈలోగా సబ్‌స్టేషన్లలో బ్రేకర్లను (లైన్లను కలిపే, విడదీసే పెద్ద స్విచ్చులను) కదిలించే బ్యాటరీలు గంట గంటకీ దిగిపోతుంటాయి. అవి పూర్తిగా దిగిపోయాక కంట్రోల్ రూమ్‌లో ఎంత నొక్కినా అక్కడ ఏదీ కదలదు. ఒక మనిషి వెళ్లి చేత్తో బ్రేకర్ వెయ్యాలి. రాత్రి, రోడ్డు మీద లైట్లు లేవు, ఫోన్ కలవదు, సబ్‌స్టేషన్ గేటుకు తాళం. మూడో గడి అంటే నా ఉద్దేశం ఇదీ.

మిగతా వరసలు మీరే నింపుకోగలరు గానీ, కథల్లో తరచూ తప్పుగా కనిపించేవి కొన్ని చెప్తాను. సెల్ టవర్లకు బ్యాటరీ కొన్ని గంటలే వస్తుంది, ఆ తర్వాత డీజిల్ పోసే మనిషి కావాలి. ఓవర్‌హెడ్ ట్యాంకులో నీళ్లు ఉన్నంతసేపు కుళాయి వస్తుంది కాబట్టి, తెలివైన పాత్ర మొదటి గంటలోనే ఇంట్లో ఉన్న ప్రతి గిన్నే నింపుతుంది. ఇన్సులిన్ వాడకముందు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. మామూలు గది వేడిలో నాలుగు వారాల దాకా పనికొస్తుందని చెబుతారు. ఎండ తీవ్రంగా ఉంటే అదీ అనుమానమే. పెట్రోలు నెలల్లో చెడిపోతుంది, ఇథనాల్ కలిపినదైతే గాలిలో తేమ పీల్చుకుని ఇంకా త్వరగా. ఐదో ఏట హీరో పాడుబడ్డ బంకులో పెట్రోలు పట్టుకుని కారులో దూసుకుపోయాడంటే నేను పుస్తకం మూసేస్తాను. సైకిల్ ఇవ్వండి, అది కూడా ట్యూబులు దొరికినన్నాళ్లే.

మొదటి పంట దగ్గర ఎరువు గుర్తుంచుకోండి. ఈనాడు ప్రపంచంలో దాదాపు సగం మంది తినే తిండి, ఫ్యాక్టరీలో గాలిలోని నత్రజనిని పట్టి చేసే ఎరువుల పుణ్యమే. ఆ ఫ్యాక్టరీలు ఆగిపోతే వానలు సమయానికి కురిసినా దిగుబడి పడిపోతుంది. ఐదో ఏటికి కళ్లజోళ్లు, పళ్లు, బీపీ మాత్రలు. ముప్పయ్యో ఏటికి వంతెనలు. పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి కాలిపోయిందంటే అది ఏ వరసలో రాయాలో కూడా చెప్పడం కష్టం. వందల టన్నుల బరువు, ఆర్డర్ ఇచ్చాక తయారు చేస్తారు, మామూలు రోజుల్లోనే ఏడాదికి పైగా పడుతుంది.

పట్టికను కథలోకి దించడం

పట్టిక అంతా కథలో పెట్టెయ్యాలన్న తపనను అణుచుకోవాలి. ఉదాహరణకు నేను రాస్తున్న ఒక కథలో సుభద్ర నీటి సరఫరా వాల్వులు తిప్పే మనిషి. విపత్తు జరిగి ఏడాది కావస్తోంది. మొదటి చిత్తుప్రతిలో ఇలా రాసుకోవచ్చు: ‘క్లోరిన్ ఉత్పత్తి నిలిచిపోవడంతో, నిల్వ ఉన్న బ్లీచింగ్ పౌడర్ కాలక్రమేణా శక్తి కోల్పోయింది. ఫలితంగా నీటి ద్వారా వ్యాపించే రోగాలు ప్రబలాయి.’ ఇది నివేదిక. అదే సంగతి ఇప్పుడు కథలో ఇలా ఉంది:

‘సుభద్ర డ్రమ్ము మూత తీసి తల లోపలికి పెట్టింది. కళ్లు మండలేదు. పిడికెడు తీసి వాసన చూసింది. సున్నం వాసన.

“చచ్చిపోయింది” అంది.

“ఏంటక్కా?” అన్నాడు కుర్రాడు.

“మందు. ఇక నీళ్లు కాచుకోవాల్సిందే.”

వాడు ట్యాంకు మీంచి కింద ఇళ్లను చూశాడు. “అందరూనా? అన్ని కట్టెలు ఎక్కడివక్కా?”

ఆమె చెరువు అవతలి గట్టున ఉన్న తోపు వైపు చూసింది. అది వీళ్లది కాదు.’

బ్లీచింగ్ శక్తి పోతే నీళ్లు కాచాలి, కాచాలంటే కట్టెలు, కట్టెలంటే పక్క ఊరి తోపు. ఒక్క డ్రమ్ము లోంచి రెండు ఊళ్ల తగాదా వచ్చింది. పాఠకుడికి క్లోరిన్ గురించి ఒక్క ముక్క చెప్పలేదు, అయినా అతనికి అర్థమైంది. ప్రతి అధ్యాయానికి పట్టికలోంచి ఒక్క వస్తువు తీసుకోండి, దాన్ని పాత్ర చేతిలో పెట్టండి. రెండు తీసుకుంటే పాఠం చెప్పడం మొదలవుతుంది. అన్నీ తెలిసిన ప్రొఫెసర్ పాత్ర వద్దే వద్దు.

చేతిలో ఉండే విద్య

‘పుస్తకాలు ఉన్నాయిగా, చదివి అన్నీ మళ్లీ కట్టుకుంటారు’ అని కొందరు ఒక్క పేరాలో నాగరికతను లేపి నిలబెడతారు. అంత తేలిక కాదనడానికి అమెరికాలోనే ఒక ఉదాహరణ ఉంది. అణ్వాయుధాల్లో వాడే ఫాగ్‌బ్యాంక్ అనే రహస్య పదార్థం తయారీని 1989 ప్రాంతంలో ఆపేశారు. తర్వాత 2000 దశకంలో మళ్లీ కావాల్సి వస్తే చెయ్యడం రాలేదు. పాత రికార్డులు సరిపోలేదు, చేసినవాళ్లలో చాలామంది రిటైరైపోయారు. చివరికి తేలిందేమిటంటే, పాత పద్ధతిలో ముడిసరుకుతో పాటు వచ్చిన ఒక మలినమే ఆ పదార్థం సరిగ్గా కుదరడానికి కారణం. అది ముఖ్యమని అప్పట్లో చేసినవాళ్లకే తెలీదు, అందుకే ఎక్కడా రాయలేదు. ప్రపంచం కూలకుండానే ఇలా జరిగితే, కూలాక ఎలా ఉంటుందో ఊహించండి.

దీనికి రెండో వైపు కూడా ఉంది, నాకు ఇదే ఎక్కువ ఇష్టం. ఇవా సాక్స్‌ల్, విక్టర్ అనే చెక్ యూదు దంపతులు రెండో ప్రపంచయుద్ధంలో నాజీల నుంచి తప్పించుకుని షాంఘై చేరారు. అక్కడ ఆమెకు షుగర్ జబ్బు బయటపడింది. 1941 డిసెంబర్ తర్వాత జపాన్ ఆక్రమణలో ఇన్సులిన్ దొరకడం మానేసింది. భర్త బట్టల మిల్లు ఇంజినీరు, వైద్యుడు కాదు. వాళ్లకు ఒక వైద్య గ్రంథం దొరికింది, అందులో ఇన్సులిన్ తీసే పద్ధతి ఉంది. ఒక చైనా రసాయన శాస్త్రవేత్త ల్యాబ్‌లో చోటిచ్చాడు. గేదెల క్లోమ గ్రంథులు తెచ్చి, తీసిన మందును కుందేళ్ల మీద పరీక్షించారు. గోధుమ రంగులో వచ్చిన ఆ ద్రవాన్ని మనిషి మీద ప్రయత్నించాల్సి వచ్చినప్పుడు ఇవా ముందు తనకే ఎక్కించుకుంది. అది పనిచేశాక అక్కడి శరణార్థుల్లో ఉన్న మిగతా రోగులకూ ఇచ్చారు.

ఇందులో కథకుడు గమనించాల్సినవి చూడండి. పుస్తకం ఒక్కటే చాలలేదు. ల్యాబ్ ఉన్న మనిషి కావాలి, కబేళాతో సంబంధం కావాలి, కుందేళ్లు కావాలి, అన్నిటికీ మించి ఆ సూది ఎవరో ఒకరు వేయించుకోవాలి. మీ కథలో ఏ విద్యనైనా మళ్లీ బతికించాలంటే ఇలా మెట్టు మెట్టుగా అడగండి: వస్తువు ఎక్కడిది, చోటు ఎవరిది, మొదటిసారి ప్రమాదం ఎవరి మీద?

మనుషులు ఎలా ఉంటారు

చట్టం లేకపోతే మనుషులు పులులైపోతారని కొందరు, దేవతలైపోతారని కొందరు రాస్తారు. చరిత్రలో రెండూ ఉన్నాయి. 1790లో, బౌంటీ అనే బ్రిటిష్ నౌకలో అంతకుముందు తిరుగుబాటు చేసిన 9 మంది నావికులు, 6 గురు పాలినేషియన్ మగవాళ్లు, కొందరు స్త్రీలతో పిట్‌కెయిర్న్ దీవిలో దిగారు. 1808లో ఒక అమెరికన్ నౌక వచ్చేసరికి ఆ 15 మంది మగవాళ్లలో బతికున్నది ఒక్కడే. చాలావరకు ఒకరినొకరు చంపుకున్నారు. 1965లో పసిఫిక్ దీవుల దేశం టోంగాకు చెందిన 6 గురు కుర్రాళ్లు పడవ కొట్టుకుపోయి అటా అనే నిర్మానుష్య దీవికి చేరారు. 15 నెలల తర్వాత దొరికినప్పుడు అందరూ ఆరోగ్యంగా ఉన్నారు. పనులు వంతులేసుకున్నారు, నిప్పు ఆరకుండా కాపాడుకున్నారు, ఒకడి కాలు విరిగితే కట్టు కట్టి, వాడి పని మిగతావాళ్లు పంచుకున్నారు.

తేడా మనిషి స్వభావంలో వెతక్కండి. పిట్‌కెయిర్న్‌లో భూమిని 9 భాగాలు చేసి నావికులే పంచుకున్నారు, పాలినేషియన్లకు సెంటు కూడా ఇవ్వలేదు. స్త్రీలను కూడా ఆస్తిలాగే చూశారు. అటా దీవిలో పనులకు వంతులున్నాయి. మీ కథలో హింస కావాలంటే పంపకం ఎక్కడ చెడిందో ముందు రాసుకోండి. దొంగల ముఠా తప్పదనుకుంటే కూడా, ఆ ముఠాకి ఏ గింజలు ఎప్పుడు అయిపోయాయో మీ పట్టికలో ఉండాలి.

ఇంకో అభ్యాసం. 1986 ఏప్రిల్ 27న, చెర్నోబిల్ అణువిద్యుత్ కేంద్రంలో ప్రమాదం జరిగిన మర్నాడు, పక్కనున్న ప్రిప్యాట్ పట్టణాన్ని ఖాళీ చేయించారు. సుమారు 49,000 మంది. కొద్దిరోజులకే తిరిగొస్తామన్నట్టు చెప్పి బస్సులెక్కించారు. ఎవరూ తిరిగి కాపురానికి రాలేదు. మీ ప్రతి పాత్రా మూడు రోజులకని సంచి సర్దుకుంటున్నట్టు ఒక పేజీ రాయండి. కథలో వాడక్కర్లేదు. ఆ సంచిలో లేనిదేదో ఆ తర్వాత వంద పేజీలు ఆ మనిషిని వెంటాడుతుంది.

జనం ఎంతమంది మిగలాలి అన్నది పెద్ద చర్చ గానీ, కథకు దాంతో అంత పని లేదు. దగ్గరి బంధువుల మధ్యే సంతానం కలిగే బెడద తప్పాలంటే కనీసం 50 మంది, దీర్ఘకాలం నిలవాలంటే 500 అని జీవశాస్త్రంలో ఒక పాత ఉజ్జాయింపు సూత్రం ఉంది. నేనైతే దాన్ని పక్కన పెట్టి, పళ్లు పీకగలిగేవాడు, పురుడు పొయ్యగలిగేది, వెల్డింగ్ తెలిసినవాడు ఉన్నారా అని చూస్తాను.

చివర్లో చెయ్యాల్సిన పని

చిత్తుప్రతి అయ్యాక పట్టిక పక్కన పెట్టుకుని చదవండి. ప్రతి సీన్లో మూడు అడగండి: వెలుగు ఎక్కడిది, నీళ్లు ఎవరు తెచ్చారు, చెత్త ఎటు పోయింది? జవాబు కథలో ఉండక్కర్లేదు, మీకు తెలిసుండాలి. రాత్రి సంభాషణలు రాసేవాళ్లు చాలామంది వెలుగు సంగతి మర్చిపోతారు. నూనె దీపం వెలుగులో పది అడుగుల అవతల మనిషి ముఖకవళికలు కనబడవు. కాబట్టి ‘అతని కళ్లలో అనుమానం చూసింది’ అన్న వాక్యం కొట్టెయ్యాలి, లేదా అతన్ని దీపం దగ్గరికి పిలవాలి.

తర్వాత, మీ పాత్ర ఏ పని చేస్తుందో నిజంగా ఆ పని చేసే మనిషికి చూపించండి. నర్సు అయితే నర్సుకి, మెకానిక్ అయితే మెకానిక్‌కి. మొత్తం నవల ఇవ్వకండి, మొహమాటానికి ‘బాగుంది’ అనేస్తారు. వాళ్ల పని వచ్చే నాలుగు పేజీలు ఇచ్చి, పెన్ను కూడా చేతిలో పెట్టి, ఇలా జరగదు అనిపించిన చోట గీత గీయమనండి. ఆ గీతల దగ్గర కూర్చుని, మరి ఎలా జరుగుతుందో అడిగి రాసుకోండి.